పాలకొల్లు దారిలో ఒక మెయిన్ స్విచ్

తుని

తుని నుంచి పాలకొల్లు వెళ్ళిరావడం కూడా ఒక యాత్రేనా అని మీరు నవ్వొచ్చు. తెల్లారి బయలుదేరినవాళ్ళు మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు. మాకు మూడు రోజులు పట్టింది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని పూర్వం అనేవారట. మా ఆయన్ని జీపెక్కిస్తుంటే మా వీధివాళ్ళు అలాగే చూశారు.

మా ఆయన పేరు దేవదానం. రైస్ మిల్లులో ఆపరేటరు. మీసాలు రాకముందు చేరి తల నెరిసేదాకా ఊక దుమ్ములోనే ఉన్నారు. ఆ దుమ్ము లోపలికెళ్ళి కూర్చుంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయనీ, ఇక మెత్తబడవనీ డాక్టరు గారు చెప్పారు. అప్పటి నుంచి ముక్కుకి సన్నటి గొట్టం, పక్కన ఆక్సిజన్ మెషీన్. అది ఎవరో వాడి అమ్మేస్తే మేం కొన్నది. దాని లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. బయట నుంచి కరెంటు అందితేనే అది నడుస్తుంది, అది నడిస్తేనే ఆయన నడుస్తారు.

పాలకొల్లులో ఆయన అక్క సంతోషమ్మ గారు ఉన్నారు. నాకు వదినగారు. వాళ్ళమ్మ పోయేనాటికి ఈయన చంకబిడ్డ. ఆవిడే ఎత్తుకు తిరిగి, నాట్లకి వెళ్ళినప్పుడు గట్టు మీద గోనెపట్టా వేసి పడుకోబెట్టి పెంచారు. ఇప్పుడు ఆవిడ జారిపడి తుంటి విరిగి మంచంలో ఉన్నారు. కూతురు కరుణే చేస్తోంది. ఆవిడ లేచి రాలేరు, ఈయన కరెంటు వదిలి వెళ్ళలేరు. "ఒక్కసారి అక్కని చూడాలి రాహేలూ" అని ఈయన రోజూ అనడం, నేను వినబడనట్టు కూరలు తరగడం, ఇలా చలికాలమంతా గడిచింది.

ఇంకో చిక్కుంది. ఈ గొట్టం సంగతి వదినగారికి తెలియదు. తమ్ముడికి కాస్త ఆయాసం, అంతే అని ఆవిడ నమ్మకం. ఫోన్లో ముఖం చూపించాల్సి వచ్చినప్పుడల్లా ఈయన గొట్టం తీసి దిండు కింద పెట్టేవారు. ఊపిరి అందినంతసేపే మాటలు. "ఏంట్రా, ఎప్పుడూ తొందరే నీకు" అని ఆవిడ విసుక్కునేవారు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను, పిల్లల అబద్ధాలు రోజూ పట్టుకుంటాను. ఇంట్లో అబద్ధానికి మాత్రం ఫోన్ పట్టుకుని నిలబడేదాన్ని.

లాడ్జిల్లో మెట్లుంటాయి, కరెంటు పోతుంది. అందుకని ఆయన వీడియోలు చూసి చూసి "క్యాంపర్" అన్నారు. జీపు వెనక తగిలించుకునే ఇల్లట. తునిలో ఎవరో మూసేసిన టిఫిన్ బండి అమ్మకానికి దొరికింది. పొయ్యి ఉన్నచోట మంచం వేయించారు, గిన్నెలు కడిగే చోట రెండు పెద్ద బ్యాటరీలు పెట్టించారు. జీపు నడుస్తుంటే మెషీన్ జీపు కరెంటు మీదే నడుస్తుంది, ఈ బ్యాటరీలూ ఛార్జి అవుతాయి, ఆగినచోట అవి మెషీన్ని నడుపుతాయి. తెల్ల రంగు వేయించాం కానీ, ఎండ పడితే కిందనుంచి "పెసరట్టు ఉప్మా" అన్న అక్షరాలు పైకి తేలేవి. బడికి వేసవి సెలవులివ్వగానే బయలుదేరాం. అన్నవరం దాటకముందే ఒకాయన మోటారు సైకిలు మీద మా పక్కకొచ్చి, ఎక్కడ ఆపుతారండీ, అల్లం చట్నీ ఉందా అని అడిగాడు.

రాజమహేంద్రవరం

సాయంత్రానికి రాజమండ్రి చేరి, మాకు తెలిసిన పాస్టరు గారి చర్చి ఆవరణలో బండి పెట్టుకున్నాం. చర్చి గదిలోంచి వైరు లాగి మెషీన్‌కి కరెంటు ఇచ్చారు. బండిలో లైటూ ఫ్యానూ అన్నీ ఆపేసి పడుకున్నాం. పొద్దున్న లేచి ఫ్యాను స్విచ్ వేస్తే, అది సగం చుట్టు తిరిగి ఆగింది. దారి పొడుగునా ఛార్జి అయిన రెండు బ్యాటరీలూ వట్టిపోయిన గేదెల్లా ఉన్నాయి.

"ఇంకేముంది, వెనక్కి పోదాం" అన్నాను. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషంగానే ఉంది. ఆయన గోడకి తిరిగి పడుకున్నారు. ఆ వీపు చూసి జీపు తాళాలు తీశాను.

హైవే పక్కన లారీలు ఆగేచోట శ్రీను అనే ఆటో ఎలక్ట్రీషియన్ షాపు చూపించారు పాస్టరు గారు. మనిషి మహా మాటకారి. ముందు మెషీన్‌కి తన షాపులోంచి కరెంటిచ్చాడు, తరవాత మా ఆయనకి కుర్చీ, నాకు టీ ఇచ్చాడు, ఆ తరవాతే బండి చూశాడు. మా తుని వైపు మెకానిక్కు ముందు బండి చూసి నిట్టూరుస్తాడు, టీ మనమే తెప్పించాలి.

"ఆఫ్ చేశాం అనుకుంటారు గానండి, అన్నీ ఆగవండి" అన్నాడు. "ఆ ఇన్వర్టరు ఊరికే ఉన్నా తాగుద్ది. ఈ టిఫిన్ బండి పాత వైరింగు ఎక్కడో తడి తగిలి అదీ తాగుద్ది. ఎక్కడ లీకో వెతుక్కుంటా కూర్చుంటే పొద్దుపోద్దండి. కటాఫ్ పెట్టేసుకోండి. ఆగినప్పుడు ఇలా తిప్పేస్తే బ్యాటరీకీ బండికీ సంబంధమే ఉండదు."

కటాఫ్ అంటే అరచేతిలో పట్టే చిన్న సామాను. నల్లటి దిమ్మ, దానికి ఎర్ర తాళంచెవి. అడ్డంగా తిప్పితే కరెంటు పోతుంది, నిలువుగా తిప్పితే వస్తుంది. శ్రీను ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాడు. దాన్ని కోసి, రెండు కొసలూ బ్లేడుతో గీకి, రాగి రింగులు తొడిగి సుత్తితో నొక్కాడు. పని చూస్తుంటే మా ఆయన ముఖంలోకి రంగొచ్చింది. మిల్లులో బెల్టు తెగితే కూడా ఇలాగే కూర్చుని చేయించేవారట. గొట్టంతోనే ముందుకి వంగి, "నట్టు గట్టిగా బిగించు బాబూ, కుదుపులకి వదులైపోతుంది" అని చెబుతూ ఉన్నారు.

స్విచ్ లోపల పెట్టమన్నాను నేను.

"లోపలెందుకండి మేడం? లారీలకి మేం బయటే పెడతాం. మంటొచ్చిందనుకోండి, దారినపోయే వాడైనా పరిగెత్తుకొచ్చి తిప్పాలి కదండి."

"అతను చెప్పింది సబబే" అన్నారు ఆయన. మగవాళ్ళిద్దరూ ఒకటైపోతే నా మాట ఎక్కడ చెల్లుతుంది? గుమ్మం పక్కన రేకుకి డ్రిల్లు పెట్టాడు. రేకు దాటి, చెక్క దాటి, డ్రిల్లు సూటిగా నా సామాన్ల అరలోకి దిగింది. వదినగారి కోసం నేను చేసిన సున్నుండల డబ్బాకి బెజ్జం పడి, ఇనుప రజను అంతా సున్నుండల్లో కలిసింది. శ్రీను నాలుక కరుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మినుములు దోరగా వేయించి, నెయ్యి కాచి చేసినవి, డబ్బాతో సహా కాలవలో పారేశాను.

కాలవలో నీళ్ళు కూడా లేవు. ఎండాకాలం కట్టేశారు కదా, అడుగున నల్ల బురద, ప్లాస్టిక్ సంచులు. నా సున్నుండలు ఆ బురద మీద అలాగే ఉండిపోయాయి.

బిగింపు అయ్యాక శ్రీను ఎర్ర రంగు డబ్బా, కుంచె తెచ్చి, ఏం రాయమంటారండి అన్నాడు. కటాఫ్ అని రాస్తే ఎవరికి తెలుస్తుంది, మెయిన్ అని రాయి, చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది అన్నారు ఆయన. గుండ్రటి అక్షరాలతో మెయిన్ అని రాశాడు. నిమ్మకాయ కట్టమంటారా అని అడిగాడు. మేం లూథరన్ వాళ్ళం, ప్రార్థన చేసుకుంటాం బాబూ అన్నారు ఆయన. మేం కళ్ళు మూసుకున్నంతసేపూ శ్రీను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమెన్ మాత్రం మా అందరికంటే గట్టిగా అన్నాడు.

బ్యాటరీలు షాపులో ఛార్జి అయ్యేసరికి పొద్దు వాలింది. ఆ పూట కూడా చర్చిలోనే, ఆ వైరు మీదే మెషీన్ పెట్టుకుని ఆగిపోయాం. పడుకునే ముందు ఆయనే గోడ పట్టుకుంటూ వెళ్ళి ఎర్ర తాళం అడ్డంగా తిప్పారు. తెల్లారి నిలువుగా తిప్పితే ఫ్యాను గిర్రున తిరిగింది. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి, ఆ చప్పట్లకే ఆయాసపడ్డారు.

రావులపాలెం

సున్నుండలు పోయాయి కదా, రావులపాలెంలో అరటిపళ్ళు కొన్నాం. అక్కడ మార్కెట్లో గెలలకి గెలలే బేరం, చేతిలో డజను పట్టుకుని వెళ్ళేవాడికి విలువ లేదు. మా వైపు ఇచ్చే ధరలో సగానికే చక్రకేళీ అత్తం ఇచ్చి, ఆ ముసలాయన నన్ను పైకీ కిందకీ చూశాడు. "ఆడమనిషి బండి తోలుకొచ్చారు, మీరు బేరమాడకపోయినా తగ్గిస్తానండి" అన్నాడు. పళ్ళు లేని వదినగారికి మెత్తటి చక్రకేళీ మంచిదే అని సరిపెట్టుకున్నాను.

గోదావరి బ్రిడ్జి దాటితే పశ్చిమ గోదావరి. దాళ్వా వరి కోతలయిపోయి చేలల్లో గడ్డి తగలబెడుతున్నారు. ఎటు చూసినా పొగ. అద్దాలు ఎత్తేసినా సందుల్లోంచి లోపలికి వస్తూనే ఉంది. ఆయన తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని, దారిలో కనబడ్డ మిల్లులన్నిటికీ పేర్లు చెప్పారు. ఏ మిల్లులో బాయిలర్ పేలిందో, ఏ మిల్లు ఆపరేటరు తనలాగే దగ్గి దగ్గి పోయాడో అదీ చెప్పారు. నేను వింటూ నడిపాను. ఆయన చెప్పినవాళ్ళలో బతికున్న పేరు ఒక్కటీ రాలేదు.

పెనుగొండ దాటాక

ఎండకి ఆయన తల వేలాడేస్తుంటే, రోడ్డు పక్కన ఒక రైతు ఇంటి ముందు కొబ్బరిచెట్ల నీడన ఆగాం. ఆ ఇంటావిడ వరలక్ష్మి గారు. టిఫిన్ బండి అనుకుని బయటికొచ్చారు, విషయం విని లోపలికి రమ్మన్నారు. వైరు ఇద్దామంటే లైన్ పని ఉందని వాళ్ళకే కరెంటు తీసేశారు. ఫరవాలేదండీ, మా బ్యాటరీలున్నాయి అని కాస్త గర్వంగానే చెప్పాను. ఎర్ర తాళం నిలువుగా ఉందో లేదో చూసి, ఆయన్ని బండిలో పడుకోబెట్టి, మెషీన్ పెట్టి, తలుపు దగ్గరగా వేసి లోపలికెళ్ళాను.

మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు, ఎండు రొయ్యల వేపుడు. అడిగిన పాపాన పోలేదు, విస్తరి వేసి కూర్చోబెట్టేశారు. మా వైపు కొత్తవాళ్ళని ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగాక అన్నం పెడతాం. ఇక్కడ అన్నం పెట్టాక అడుగుతారు. రెండు ముద్దలు తిన్నానో లేదో మబ్బు కమ్మింది. గాలి లేచి కొబ్బరి మట్టలు కొట్టుకున్నాయి. పెద్ద ఉరుము ఉరిమింది.

"అర్జునా, ఫల్గుణా" అంటూ వరలక్ష్మి గారు లేచి పరిగెత్తారు. ఉరుము వినబడితే మెయిన్ ఆపేయడం, టీవీ వైరు పీకేయడం మా ఇంట్లోనూ ఉంది. అప్పటికి కరెంటే లేదు, అయినా ఆవిడ మెయిన్ ఆపారు. అలవాటు అలాంటిది. ఆ తరవాత వాకిట్లోకి కూడా వెళ్ళారు. ఆరేసిన బట్టలు తేవడానికనుకున్నాను. తడిసి లోపలికొచ్చి, కొంగుతో తల తుడుచుకుని, నాకు మళ్ళీ పప్పు వడ్డించారు. రేకుల మీద వాన హోరు. ఆవిడ తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు, నేను మా స్కూలు గురించి చెప్పాను. పెరుగు వేస్తూ అప్పుడన్నారు.

"కంగారు పడకండి టీచర్ గారూ, మీ బండి మెయిన్ కూడా ఆపేసొచ్చానండి. ఇనప బండి కదా, పిడుగు లాగేస్తదేమోనని."

చెయ్యి కడుక్కున్నానో లేదో గుర్తులేదు. వాకిట్లో బురదలో జారి, లేచి, ఎర్ర తాళం నిలువుగా తిప్పి తలుపు లాగాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి, మెడ ముందుకి చాచి, కళ్ళు మూసుకుని. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. మెషీన్ ఆగిపోయినప్పుడు కీచుకీచుమని అరుస్తుంది, ఆ వాన హోరులో ఎవరు వింటారు? అరిచేందుకు ఆయనకి ఊపిరి లేదు. స్విచ్ తలుపు బయటుంది. కదిలితే ఉన్న ఊపిరి ఖర్చయిపోతుందని, కదలకుండా కూర్చున్నారు. మెషీన్ మళ్ళీ పుస్సుమనడం మొదలుపెట్టింది. ఆ పెదాలు ఎర్రబడేదాకా నేను ఆయన వీపు నిమురుతూ, కీర్తనలో ఒక వాక్యమే తిప్పి తిప్పి చదివాను. రెండోది గుర్తు రాలేదు.

గుమ్మం దగ్గర వరలక్ష్మి గారు వానలో నిలబడి ఉన్నారు.

"మిమ్మల్నెవరు ముట్టుకోమన్నారండీ!" అని అరిచాను. అన్నం పెట్టిన చేతి మీద అరిచాను. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఊపిరి అందాక ఆయన అన్నారు. "నా భార్యని ఏమీ అనుకోకండమ్మా. మెయిన్ అని రాయించింది నేనే."

వాన తగ్గాక వెనక్కి రాజమండ్రి పోదామన్నాను. ఆసుపత్రిలో చూపిద్దామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, పాలకొల్లు ఇంకా దగ్గర అన్నారు. వరలక్ష్మి గారు జీపులో కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు పెట్టి, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను కూడా ఏదో అనాలి. నోరు రాలేదు, ఆయన్ని బండిలోనే పడుకోబెట్టి జీపు తీసేశాను.

పాలకొల్లు

కరుణ ఇల్లు మెయిన్ రోడ్డు మీద కాదు, కాలవ వెనక పేటలో. సందులో బండి పట్టదని ముందే ఆపాం. గాలిగోపురం ఆ సందు చివర్నుంచి కూడా కనబడుతుంది. నేను జీపు దిగి వచ్చేసరికి ఆయన బండిలో కూర్చుని తెల్ల చొక్కా తొడుక్కుంటున్నారు.

"మెషీన్ ఆపెయ్ రాహేలూ. గొట్టంతో అక్క ముందుకి రాను."

"మీకేమైనా మతి పోయిందా?"

"ఇందాక అంతసేపు బతికాను కదా. అక్క దగ్గర పది నిమిషాలు చాలు."

వరలక్ష్మి గారి వంటింట్లో పప్పు రెండోసారి వడ్డించుకుని మాట్లాడుతూ కూర్చున్న ఆ సమయం, లోపల ఈయనకి కొలత అయ్యింది. తను ఎంతసేపు ఓర్చుకోగలరో తెలుసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. పెంచిన మనిషి ముందు రోగిగా నిలబడనంటే నేనేం చెప్పను? మెషీన్‌కి బటన్ ఉంది. కానీ నా చెయ్యి గుమ్మం పక్కనున్న ఎర్ర తాళం మీదికే వెళ్ళింది. వరలక్ష్మి గారు తెలియక చేశారు, నేను తెలిసి చేశాను.

నా భుజం పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, గుమ్మంలోకి మాత్రం నా భుజం వదిలేసి వెళ్ళారు. వదినగారు కిటికీ పక్క మంచంలో ఉన్నారు. పిడికెడు మనిషైపోయారు. కళ్ళకి పొర ముదిరి, ఈమధ్య మనుషులు నీడల్లాగే కనబడుతున్నారట.

"అక్కా."

"వచ్చావురా." అంతే అన్నారు. చెయ్యి చాచి తమ్ముడి ముఖం తడమడం మొదలుపెట్టారు. నుదురు, కనుబొమలు, ముక్కు. చెంపల మీద వేళ్ళు ఆగాయి. గొట్టం నిత్యం ఆనుకుని ఉండేచోట సన్నటి గాడులున్నాయి, చెవుల వెనకదాకా. ఆ గాడుల వెంబడే ఆవిడ వేళ్ళు వెళ్ళి వచ్చాయి. తరవాత అరచెయ్యి ఆయన గుండె మీద పెట్టి ఉంచారు. ఆయన నవ్వడానికి ప్రయత్నిస్తున్నారు. చొక్కా గుండీలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఎంత కాలమైందిరా?"

"ఏంటక్కా?"

"నాకూ ఉందిరా కింద గొట్టం. సంచీ కూడా ఉంది. నేను సిగ్గుపడుతున్నానా?" అని, నావైపు తిరిగారు. "తెచ్చి పెట్టు రాహేలూ. వీడు చచ్చినా అడగడు."

కరుణ, నేను పరిగెత్తి మెషీన్ పట్టుకొచ్చి గోడ ప్లగ్గుకి పెట్టాం. గొట్టం తొడుగుతుంటే ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆవిడ మాత్రం ఆ పుస్సు, పుస్సు శబ్దం వైపు చెవి పెట్టి విన్నారు.

సాయంత్రం ఎదురింటివాళ్ళు గోడ పక్కన ఖాళీ జాగా చూపిస్తే, బండిని అటు తిప్పి వదినగారి కిటికీకి ఆనించినట్టు పెట్టాం. అక్కడున్న రెండు రోజులూ ఆవిడ ఇటు మంచంలో, ఈయన అటు మంచంలో. మాటలు తక్కువ. అరటిపండు ఒలిచి కిటికీలోంచి సగం ఇటు, సగం అటు ఇచ్చేదాన్ని. పేటవాళ్ళు వచ్చి చూసి, కళ్ళు తుడుచుకుని, టిఫిన్ ఏం ఉందండీ అని ఆయన్ని ఏడిపించేవారు. తుని మీద వానలట, కాలవలు వదులుతారట అని లోకం సంగతులు చెప్పేవారు. అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు.

బయలుదేరేటప్పుడు వదినగారు ఏడవలేదు. "ఇంటికెళ్ళాక రోజూ ఫోన్ చెయ్యరా. మాట్లాడొద్దు, ఆయాసపడతావు. ఆ పుస్సు పుస్సు వినిపించు, చాలు నాకు."

మళ్ళీ తుని

తిరుగు ప్రయాణంలో చెప్పుకోవడానికేమీ లేదు. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు, నేను రోడ్డు చూశాను. పెనుగొండ దగ్గర ఆగుదామని నేనే అన్నాను. వరలక్ష్మి గారి గేటుకి తాళం ఉంది. పక్కింటివాళ్ళతో, తుని టీచరు వచ్చి వెళ్ళిందని చెప్పమన్నాను. క్షమించమన్నానని కూడా చెప్పమనాల్సింది.

ఇంటికొచ్చాక రోజూ దీపాలు పెట్టేవేళ ఫోన్ చేసేవాళ్ళం. అటు కరుణ ఫోన్ తీసి వదినగారి చెవి దగ్గర పెట్టేది. ఇటు నేను మెషీన్ దగ్గర పట్టుకునేదాన్ని. పుస్సు, పుస్సు, మధ్యలో ఈయన దగ్గు. కాసేపటికి ఆవిడ, "వినబడిందిరా తమ్ముడూ, ఇక పెట్టెయ్" అనేవారు. అంతే సంభాషణ. పాలకొల్లు వెళ్ళకపోయి ఉంటే అది కూడా ఉండేది కాదు.

వానలు ముదిరాక, ఒక ఆదివారం పొద్దున్న, నేను చర్చికి తయారవుతుండగా ఆయన పోయారు. మెషీన్ నడుస్తూనే ఉంది. కరెంటూ ఉంది. కారణం వెతకడానికి ఈసారి ఏ తాళమూ లేదు.

కరుణ వచ్చి మట్టి వేసి వెళ్ళింది. అమ్మకి చెబితే తట్టుకోలేదత్తయ్యా, ఉన్న నాలుగు రోజులూ తెలియకుండా వెళ్ళిపోనీ అంది. నాకూ అదే మంచిదనిపించింది. మామయ్యకి ఒంట్లో బాగోలేదు, రెండు రోజులు ఫోన్ చెయ్యడు అని చెప్పిందట. ఆ రెండు రోజులూ గడిచాయి. మర్నాడు సాయంత్రం కరుణ నుంచి ఫోన్ వచ్చింది.

"అత్తయ్యా, అమ్మ పొద్దుట్నుంచీ అన్నం ముట్టలేదు. తమ్ముడు ఫోన్ ఏదీ అంటోంది. నన్నేం చెయ్యమంటావు?"

ఖాళీ మంచం పక్కన మెషీన్ ఇంకా ఉంది. ప్లగ్గు పెట్టి బటన్ నొక్కాను. గొట్టం దిండు మీద పడేసి ఉంది. పుస్సు, పుస్సుమని నడవడం మొదలుపెట్టింది. ఫోన్ దాని దగ్గర పట్టుకుని, నేను ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. దగ్గు మాత్రం ఎక్కడ నుంచి తేను?

అవతల ఆవిడ వింటున్నారు. ఎప్పుడూ విననంతసేపు విన్నారు. పెట్టెయ్ అనలేదు. తమ్ముడూ అనలేదు. గోడ మీద పొద్దు తగ్గిపోయింది, గదిలో దీపం వేయలేదని అప్పుడు గమనించాను.

"రాహేలూ" అన్నారు చివరికి.

"వదినా."

"ఇక ఆపెయ్ అమ్మా. ఎందుకూ, కరెంటు దండగ."